చెప్పని సగం

"మూడింటికి ఓసయా వస్తాడు. ఆయనకేం చెప్తావో ముందు నాకు చెప్పు," అన్నాడు ఈనోస్.

సెలీనా పొయ్యి మీది పెనం దించి, ఆయన పళ్ళెంలో వేయించిన బంగాళాదుంపలు వేసింది. పక్కన రెండు సాసేజ్ ముక్కలు పెట్టింది. కాఫీ పోసింది. జవాబు మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఇవాళ గురువారం. నాలుగు రోజులుగా మొగుడూ పెళ్ళాల మధ్య ఆవుల గురించీ, లేన్‌లో బురద గురించీ తప్ప మరో మాట నడవలేదు.

ఏడాదికి రెండుసార్లు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు, సంఘమంతా పరీక్ష కూడికకు చేరుతుంది. ఎవరికి వారు తమ లోపల చూసుకుని, దేవునితోనూ తోటివాళ్ళతోనూ సమాధానంగా, ఏ కలతా లేకుండా ఉన్నామని చెప్పాలి. మగవాళ్ళ బెంచీల వెంట బిషప్ ఓసయా నడుస్తాడు, ఆడవాళ్ళ బెంచీల వెంట ఆయనకు సాయంగా ఉండే డీకన్ ఈనోస్ నడుస్తాడు. అందరూ తల వంచుకుని, గబగబా, "ఉన్నాను" అంటారు. మొన్న ఆదివారం నాలుగో వరుసలో ఆరో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె "లేను" అంది. ఆ ఆరో మనిషి ఆయన భార్యే.

ఈనోస్ సరిగా వినపడలేదేమోనని ఇంకోసారి అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది. రెండోసారి ఆమె గొంతు పెద్దదైంది. మగవాళ్ళ వైపు చివరి బెంచీలో, చెవుడున్న ముసలాయన కూడా తల తిప్పి చూశాడు.

డీకన్ ఇంట్లోనే సమాధానం లేదంటే ఇక గిన్నె అందించేవాడు లేడు, పాదాలు కడిగే నీళ్ళు మోసేవాడూ లేడు. ఈ ఆదివారం జరగాల్సిన బల్ల అక్కడే నిలిచిపోయింది.

"చూడు, నేనేం కొండలు మోయమనట్లేదు," అన్నాడు ఈనోస్, ఈసారి గొంతు తగ్గించి. "చలికాలమంతా మోకాళ్ళ నొప్పులు, చిరాకు ఎక్కువైంది, నోరు పారేసుకున్నాను, ప్రార్థన తగ్గింది. ఇవి చాలు. ఓసయా తల ఊపుతాడు. ఆదివారం బల్ల జరిగిపోతుంది. అందరూ చెప్పుకునేవే కదా."

"అందరూ చెప్పుకునేవి గనకే చెప్పను."

"ఏటా ఒకటి పట్టుకుంటావుగా నువ్వు. నిరుడు కోపం. అంతకుముందు ఏడు లీడియాన్ రొట్టె కంటే నీది బాగా పొంగిందని మురిసిపోయావని మూడు నెలలు రొట్టె చెయ్యడమే మానేశావు. చేసిన పాపం నీది, ఎండు బిస్కెట్లు తిన్నది నేను. ఈ ఏడు ఏం పట్టుకున్నావు?"

ఇంకో రోజైతే సెలీనా నవ్వేది. అది నిజమే. విత్తనాల పొట్లాలు విప్పే రోజుల్లోనే ఆమె తనలో ఒక దోషం వెతుక్కునేది. పంట కోసేదాకా దాని మీదే కన్నేసి ఉంచేది. సంఘంలో పెళ్ళికెదిగిన ఆడపిల్లలకు తల్లులు ఆమెనే చూపించి చెప్పేవాళ్ళు. మనసు దిద్దుకోవడమంటే సెలీనాని చూసి నేర్చుకోండి అని.

"ఇన్నేళ్ళూ చిన్న చిన్న కలుపు పీకుతూ కూర్చున్నాను ఈనోస్. పీకాల్సిందాన్ని ముట్టుకోలేదు."

"ఏంటది?"

"హెట్టీ."

ఆ పేరు ఆ వంటింట్లో పలికి చాలా ఏళ్ళయింది. ఈనోస్ చేతిలో ముళ్ళ చెంచా పళ్ళెం మీద ఆగిపోయింది. హెట్టీ సెలీనాకి ఒక్కగానొక్క చెల్లెలు. పందొమ్మిదేళ్ళ కింద సంఘం విడిచి పట్నం వెళ్ళిపోయింది. మూడు వారాల కింద పట్నంలోని ఆస్పత్రి నుంచి ఆమె ఉత్తరం వచ్చింది.

"ఆ ఉత్తరం చూసినప్పుడే అనుకున్నాను," అన్నాడు ఈనోస్. "చెల్లెలు మంచాన పడితే ఎవరికైనా మనసు పాడవుతుంది. అది దుఃఖం. పాపం కాదు. దాన్ని కూడికలోకి లాగక్కర్లేదు."

"డీకన్ మాట్లాడినట్టే మాట్లాడుతున్నావు."

"డీకన్నే కదా."

"డీకన్‌కి చెప్పాల్సింది పందొమ్మిదేళ్ళ కిందే చెప్పాను. చిక్కంతా అక్కడే వచ్చింది."

ఈనోస్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. పళ్ళెంలో సగం అలాగే ఉంది. "ఆవు ఈనేటట్టుంది," అని గొణిగి, టోపీ పెట్టుకుని కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

ఆవు ఈని అప్పటికి రెండు రోజులైంది.

*

అప్పుడు జరిగింది ఇంతే.

హెట్టీ పట్నంలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. వాళ్ళ పెరట్లో బట్టలు ఆరవేస్తుంటే పెద్ద గాలి వచ్చింది. మన ఆడవాళ్ళు నలుగురిలో తీయకూడని తల మీది తెల్ల టోపీ ఎగిరిపోయి కంచెలో పడింది. పక్కింటి కుర్రాడు పరిగెత్తి తీసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆ ఇంటావిడ తమ్ముడు కిటికీలోంచి ఫోటో తీశాడు. ఆ ఫోటోలో హెట్టీ తల మీద టోపీ లేదు, జుట్టు రేగి ఉంది, నవ్వుతోంది. టోపీ ఒక పరాయి మగవాడి చేతిలో ఉంది.

శనివారం ఇంటికొచ్చి, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, హెట్టీ ఇదంతా అక్కకి చెప్పింది. నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టేసి మరీ చెప్పింది.

రెండు నెలల తర్వాత ఆ ఫోటో చెల్లెలి కీర్తనల పుస్తకంలో సెలీనాకి దొరికింది. మన వాళ్ళకు ఫోటో అంటేనే తప్పు. అలాంటి ఫోటో అంటే ఇక చెప్పేదేముంది. సెలీనా దాన్ని కొత్తగా డీకన్ అయిన తన మొగుడి చేతిలో పెట్టి, "ఇది హెట్టీ పుస్తకంలో ఉంది," అంది.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. గాలి సంగతి ఒక్కటే చెప్పలేదు.

సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకోమన్నారు. చెయ్యని తప్పు ఒప్పుకోనంది హెట్టీ. ఆమెని బల్లకు దూరం పెట్టారు. ఆ ఏడు ఆకులు రాలేలోపు ఒక పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె ఆత్మ మేలు కోరే ఆ పని చేశానని సెలీనా తనకు తాను చెప్పుకుంది. చెప్పగా చెప్పగా నమ్మింది కూడా. ఏడాదికి రెండు చొప్పున ముప్పై ఎనిమిది సార్లు "ఉన్నాను" అంది.

మూడు వారాల కిందటి ఉత్తరంలో హెట్టీ నిష్ఠూరంగా ఒక్క మాటైనా రాయలేదు. రాసుంటే సెలీనా గుండె దిటవు చేసుకుని ముప్పై తొమ్మిదోసారి కూడా అనేసేదేమో.

"అక్కా, ఊపిరితిత్తులంట. ఆకులు రాలేదాకా ఉండనని డాక్టర్లు అంటున్నారు. నిన్ను రమ్మని అడగను, నీకు ఇబ్బంది అవుతుంది. ఒక్కటి అడగాలనిపించింది. మన వరుస దాకా వచ్చేసరికి బకెట్లో నీళ్ళు ఇంకా చల్లారిపోతూనే ఉన్నాయా? నీ పాదాలు ఇప్పుడెవరు కడుగుతున్నారు?"

బల్ల అయ్యాక ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి పాదాలొకరు కడుక్కునే వేళ, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎప్పుడూ జంట. హెట్టీ వెళ్ళాక సెలీనా ఎవరు పక్కనుంటే వాళ్ళతో కానిచ్చేది. వాళ్ళెవరో కూడా గుర్తు పెట్టుకోలేదు.

*

పది దాటాక లీడియాన్ వచ్చింది. పక్క పొలం వాళ్ళే. చేతిలో యాపిల్ పై కాల్చుకునే గిన్నె, ఖాళీది, ఉంది.

"నీ గడప తొక్కకూడదనే అనుకున్నాను సెలీనా. కానీ ఈ గిన్నె నీది. క్రిస్మస్ నుంచీ మా ఇంట్లోనే పడి ఉంది."

"కూర్చో లీడియాన్."

"కూర్చోను. నిలబడే అడుగుతాను." అంటూనే కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, బురదలో అర మైలు నడిచి వచ్చింది. "మా ఇర్విన్ ఎలా ఉన్నాడో నీకు తెలుసు."

సెలీనాకి తెలుసు. లీడియాన్ మొగుడు ఇర్విన్ ఫిబ్రవరి నుంచీ మంచం దిగలేదు.

"నిన్న పొద్దున లేస్తూనే అడిగాడు. బల్ల ఆదివారమేనా అని. మంచంతో సహా బండిలో ఎక్కించుకునైనా తీసుకెళ్ళమన్నాడు. అబ్బాయిలు పలకలు కూడా కొట్టి పెట్టారు. నేనేం చెప్పను? డీకన్ పెళ్ళానికి మనసు బాగాలేదంట, నువ్వు ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టు అని చెప్పనా?"

సెలీనా గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది.

"నీలాంటి దానికే సమాధానం లేకపోతే మాబోటి వాళ్ళం ఎక్కడుంటాం చెప్పు. నాకు మా కోడలంటే పడదు. మా ఆడపడుచు పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. అయినా ఈనోస్ నా ముందుకొచ్చి అడిగితే ఉన్నాను అంటాను. ఎందుకంటావా, ఆ రొట్టె ముక్క కావాలి గనక. అది లేకుండా ఈ చలికాలాలు గడపలేను గనక. నువ్వు మరీ అద్దం తెచ్చుకుని నీ లోపల వెతుక్కుంటే దొరక్క ఏమవుతుంది? ఎవరికైనా దొరుకుతుంది."

"నాది వెతుక్కుంటే దొరికింది కాదు లీడియాన్. నేనే దాచిపెట్టింది."

"అయితే ఇంకో నాలుగు రోజులు దాచిపెట్టు," అంది లీడియాన్. అనేసి, తన మాట తనకే నచ్చనట్టు మొహం పక్కకి తిప్పుకుంది. కాసేపటికి ఆప్రాన్ కొసతో కళ్ళు తుడుచుకుంది.

"ఆయన ఒక్కసారే అడిగాడు సెలీనా. యాభై రెండేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు."

ఆమె వెళ్ళాక సెలీనా ఆ గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మంచంలోంచి లేవలేని ఇర్విన్ మీద ఆమెకు నిజంగానే జాలి వేసింది. మూడింటికి ఓసయా వస్తాడు. మోకాళ్ళ నొప్పులు, చిరాకు, ప్రార్థన తగ్గింది. ఈ మూడూ అంటే సరిపోతుంది. అనడం ఎంతసేపు? ముప్పై ఎనిమిది సార్లు అన్న నోరే కదా. ఆమె ఆ మాటలు మనసులో పేర్చుకుంది కూడా. ఎంత చక్కగా, ఎంత నమ్మకంగా వస్తున్నాయో చూసుకుని భయపడింది.

ఆమె గిన్నె గూట్లో పెట్టి, శాలువా కప్పుకుని, ఇంటికి ఆనుకుని కట్టిన చిన్న ఇంట్లోకి వెళ్ళింది. అక్కడ ఆమె తల్లి ఫ్రోనీ ఉంటుంది.

*

ఫ్రోనీకి ఎనభై ఒకటి. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, విత్తనపు దుంపలు కోస్తోంది. ఒక్కో ముక్కకీ మొలకెత్తే కళ్ళు రెండు ఉండేలా చూసి కోస్తుంది. ఎన్నడూ గురి తప్పదు.

"లీడియాన్ వచ్చి ఏడ్చి వెళ్ళిందా?" అంది తల ఎత్తకుండా. "కిటికీలోంచి చూశాన్లే. దాని నడక చూస్తేనే తెలుస్తుంది."

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. ఓసయాకి చెప్పేముందు నీకు చెప్పాలి."

"నేను బిషప్పునా, డీకన్నా? వాళ్ళకి చెప్పుకో."

"హెట్టీ గురించి."

కత్తి ఆగలేదు. "ఆ పేరు నా ఇంట్లో వద్దన్నాను."

సెలీనా తల్లి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. నిలబడితే చెప్పలేనని తెలుసు. ఫోటో సంగతి చెప్పింది. గాలి సంగతి చెప్పింది. కంచెలో పడ్డ టోపీ, తెచ్చిచ్చిన కుర్రాడు, శనివారం నాడు దుంపలు చెక్కు తీస్తూ హెట్టీ నవ్విన నవ్వు, అన్నీ చెప్పింది. "ఇదంతా నాకు ముందే తెలుసమ్మా. తెలిసే చెప్పలేదు."

కత్తి అప్పుడాగింది.

ఫ్రోనీ చాలాసేపు కిటికీలోంచి బయట ఖాళీగా ఉన్న బట్టల తీగ వైపు చూసింది. తిడుతుందని సెలీనా ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"అది ఏ వారం?" అంది ఫ్రోనీ చివరికి.

"సోమవారం. ఏప్రిల్‌లో."

"ఆ రోజు గాలి ఉంది," అంది ముసలమ్మ. "నాకు గుర్తుంది. మీ నాన్న దుప్పట్లు రెండూ తీగ మీంచి లేచి కంచె అవతల బురదలో పడ్డాయి. మళ్ళీ ఉతుక్కున్నాను. చేతులు పగిలిపోయాయి." ఆగింది. "గాలి ఉంది ఆ రోజు. నన్నడిగినా చెప్పేదాన్ని."

సెలీనా తల వంచుకుంది.

"దానికి టోపీ పిన్నులు సరిగా పెట్టుకోవడం ఎన్నడూ రాలేదు. చిన్నప్పట్నుంచీ అంతే. నేనే పెట్టేదాన్ని."

"అమ్మా..."

"మూడేళ్ళ పాటు నెలకో ఉత్తరం రాసింది. ఒక్కటి విప్పలేదు నేను. అది తప్పు ఒప్పుకుంది అని ఎవరైనా వచ్చి చెబితే అప్పుడు విప్పుదామనుకున్నాను. వాటిని తిప్పి పంపింది ఎవరు?"

తిప్పి పంపమని ఇచ్చింది తల్లి. రోడ్డు పక్క పోస్టు డబ్బాలో వేసి వచ్చింది తనే. ముప్పై ఆరు సార్లు ఆ లేన్ వెంట నడిచింది. వాటిలో ఒక్కటైనా విప్పి తల్లి చేతిలో పెట్టాలని అనిపించలేదా అంటే, అనిపించింది. ప్రతిసారీ అనిపించింది.

"ఎందుకు చేశావే?" అంది ఫ్రోనీ. కోపంగా అడగలేదు. నిజంగా తెలియకే అడిగింది.

దీనికి జవాబు సెలీనా మూడు వారాలుగా వెతికి పట్టుకుంది. బయటికి చెప్పడం ఇదే మొదటిసారి. "అది వస్తే ఇల్లు నవ్వేది. నువ్వు నవ్వేదానివి, నాన్న నవ్వేవాడు. ఈనోస్ కూడా నవ్వేవాడు. నాకు పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. నేనేం చెప్పినా ఎవరూ నవ్వలేదమ్మా. అంతే. ఇంకేం లేదు."

ఇంత చిన్న సంగతా అన్నట్టు ఫ్రోనీ కూతుర్ని చూసింది. ఆ చూపు సెలీనా భరించలేకపోయింది.

"వెళ్ళు," అంది తల్లి. "కాసేపు నా ఎదుట ఉండకు."

*

రెండున్నరకి ఈనోస్ వచ్చాడు. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, గడ్డం దువ్వుకున్నాడు. నల్ల కోటు వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. బిషప్ వచ్చేటప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు.

"అమ్మకి చెప్పేశాను," అంది సెలీనా. "ఇప్పుడు నీకు చెప్తాను. తర్వాత ఓసయాకి, ఆయన చెప్పమంటే సంఘానికి. హెట్టీ ఫోటో నీకిచ్చిన రోజు నేను సగమే చెప్పాను."

ఈనోస్ బల్ల మీద ఒక రొట్టె తునక ఉంటే దాన్ని వేలితో అటూ ఇటూ జరిపాడు.

ఉన్నట్టుండి సెలీనాకి ఏదో తట్టింది.

"ఏ సగం అని అడగవేం ఈనోస్?"

ఆయన తునకని జరుపుతూనే ఉన్నాడు.

"అడగవేం?"

"నాకు తెలుసు గనక," అన్నాడు.

సెలీనా కుర్చీ పట్టుకుంది.

"సంఘం ఎదుట నిలబడాలని నోటీసు చెప్పడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే చెప్పింది హెట్టీ. గాలి వచ్చింది బావా, అక్కకి తెలుసు, ఆ శనివారమే చెప్పాను, ఇంటికెళ్ళి అక్కని అడుగు అంది." ఆయన గొంతులో ఏ ఒడుదొడుకూ లేదు. ఎన్నో ఏళ్ళు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా వచ్చాయి. "ఇంటికొచ్చాను. నువ్వు చిక్కుడు గింజలు ఏరుతున్నావు. అడగలేదు."

"అడిగుంటే చెప్పేదాన్ని."

"తెలుసు. అందుకే అడగలేదు."

"ఎందుకు?"

"డీకన్ని ఎంచే చీటీ నాకు పడి నెల కూడా కాలేదు సెలీనా. ఎనిమిది మందిమి కూర్చున్నాం, ఎనిమిది పుస్తకాలు తీసుకున్నాం, నా పుస్తకంలో ఉంది ఆ చీటీ. దేవుడే నన్ను ఎంచుకున్నాడని అందరూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. మొదటి నెల్లోనే నా పెళ్ళాం చెల్లెలి మీద చాడీ చెప్పింది, నేను దాన్ని మోసుకుని తిరిగాను అని నిలబడి చెప్పాలా? దేవుడు పొరపాటు చేశాడంటారు. అదే అనుకున్నాను. ఆ పిల్ల రెండు రోజులకి ఒప్పుకుంటుంది, ఒక్క మాటతో అయిపోతుందనుకున్నాను. అందరూ ఒప్పుకుంటారు కదా. అది ఒప్పుకోలేదు."

సెలీనా కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ తన రహస్యం తనదే అనుకుంది. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద, ఇద్దరూ ఒకే సంగతి చెరో సగం దాచుకుని పడుకున్నారు. ఆమెకు కోపం రాలేదు. తన మీద కూడా రాలేదు. గుమ్మంలో నిలబడి, అక్కని అడుగు అని నమ్మకంగా చెప్పిన హెట్టీ ఒక్కతే కళ్ళ ముందు కనిపించింది. ఆ నమ్మకంతో ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో. సెలీనాకి దుఃఖం పొర్లుకొచ్చింది.

"ఇద్దరం చెబుదాం," అంది.

"చెబుదాం. ఇవాళ కాదు." ఈనోస్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "ఇర్విన్ సంగతి ఆలోచించు. బల్ల కానివ్వు. ఆకురాలు కాలంలో కూడిక ఉంది కదా, అప్పుడు ఇద్దరం నిలబడి చెబుదాం. ప్రమాణం చేసి చెప్తున్నా."

మన వాళ్ళు ప్రమాణం చెయ్యరు. ఆ మాట ఆయన నోట వచ్చిందని ఆయనే గమనించలేదు.

"ఆకులు రాలేదాకా హెట్టీ ఉండదు," అంది సెలీనా.

లేన్‌లో బండి చక్రాల చప్పుడు వినపడింది. ఓసయా గుర్రం కుంటుతుంది, ఆ నడక రెండు పొలాల అవతల నుంచే పోల్చుకోవచ్చు. ఈనోస్ లేచి, కోటు సర్దుకుని, తలుపు తీశాడు.

*

బిషప్ ఓసయా నెమ్మది మనిషి. రబ్బరు బూట్లు విప్పడానికే అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఈ ఏడు బురద ఎక్కువన్నాడు. ఇర్విన్ని చూసే వస్తున్నానన్నాడు. సెలీనా పోసిన కాఫీ సగం తాగి, కప్పు పక్కకి జరిపాడు.

"నాకు నలభై ఏళ్ళయింది ఈ పని మీదికి వచ్చి," అన్నాడు. "కూడికలో 'లేను' అన్న మాట నేను విన్నది నాలుగే నాలుగు సార్లు. అన్నవాళ్ళని తిట్టడానికి రాలేదమ్మా. వినడానికే వచ్చాను. నువ్వు చెప్పింది ఏదైనా సరే, దాని దారి అది చూసుకుంటుంది."

"అలాగేనండి."

"పద్ధతి ప్రకారం ముందు ఇంటాయన్ని అడగాలి." ఆయన ఈనోస్ వైపు తిరిగాడు. "నువ్వు బెంచీల వెంట తిరిగి అందర్నీ అడుగుతావు. నిన్నెవరూ అడిగినట్టు లేరు ఇన్నేళ్ళుగా. నా తప్పే అది. ఇప్పుడు అడుగుతున్నాను. ఈనోస్, దేవునితోనూ తోటివాళ్ళతోనూ సమాధానంగా ఉన్నావా?"

ఈనోస్ మోకాళ్ళ మీద ఉన్న తన టోపీని చూశాడు.

కిటికీ అవతల చిన్న ఇంటి తలుపు తెరుచుకుంది. ఫ్రోనీ బయటికి వచ్చింది. తలకు నల్ల బానెట్ కట్టుకుంది, మంచి శాలువా కప్పుకుంది, చేతిలో గుడ్డ సంచీ ఉంది. ఆదివారం తప్ప ఆ బానెట్ ఆమె కట్టదు. బురదలో చూసి చూసి అడుగులు వేస్తూ, గుర్రం మెడ మీద ఒకసారి చెయ్యి వేసి, ఎవర్నీ పిలవకుండా, బిషప్ బండి మెట్టు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. రెండోసారికి ఎక్కగలిగింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోడ్డు పట్నం వెళ్తుంది.

"ఈనోస్?" అన్నాడు బిషప్.

"ఉన్నాను," అన్నాడు ఈనోస్.

తల వంచుకుని, గబగబా అన్నాడు. సెలీనా ఆ గొంతు గుర్తుపట్టింది. ముప్పై ఎనిమిది సార్లు అది తన గొంతే.

ఓసయా తల ఊపాడు. కుర్చీని చప్పుడు కాకుండా ఆమె వైపు తిప్పుకున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇక నువ్వు చెప్పు సెలీనా," అన్నాడు. "తొందరేం లేదు. నీ ఒక్కదాని సంగతే చెప్పు."